హైదరాబాద్ నుంచి డల్లాస్: ఎన్ని కిలోమీటర్లు, నిజంగా ఎన్ని గంటలు? మీరే లెక్క వేసుకునే పద్ధతి

మా పెద్దమ్మ మొదటిసారి డల్లాస్ వెళ్ళాల్సిన రోజు, మధ్యాహ్నం నాలుగున్నరకి గుంటూరులో తీరిగ్గా కూర్చుని ఆవకాయ ప్యాకెట్లు కడుతోంది. కవర్ మీద కవర్, దాని చుట్టూ టేపు, మళ్ళీ ఇంకో కవర్. సామాను సర్దడం అయిందా అని అడుగుదామని ఫోన్ చేశాను. "రేపు రాత్రికి కదరా ఫ్లైట్, ఇప్పట్నుంచే తొందరేంటి" అంది. టికెట్ మీద ఏముందో చదవమన్నాను. "పదిహేనో తారీఖు, పన్నెండు యాభై" అంది. పక్కన ఏఎం ఉందా పీఎం ఉందా చూడు పెద్దమ్మా అన్నాను. ఏఎం. ఆ రోజు పద్నాలుగో తారీఖు. అంటే ఆమె విమానం ఇంకో ఎనిమిది గంటల్లో ఎగిరిపోతుంది, ఆమె ఇంకా మాగాయ కట్టలేదు.

పదిన్నర దాటాక శంషాబాద్ చేరారు, విమానం దొరికింది, మాగాయ మాత్రం గుంటూరులోనే ఉండిపోయింది. అప్పట్నుంచి మా చుట్టాల్లో ఎవరు అమెరికా టికెట్ కొన్నా నాకొక ఫోటో వస్తుంది, "ఇది మొత్తం ఎన్ని గంటలు, మేం ఇంట్లోంచి ఎప్పుడు బయల్దేరాలి" అని. ప్రతిసారీ చెప్పిందే చెప్పే బదులు లెక్క మొత్తం ఒకచోట రాసేస్తున్నాను. హైదరాబాద్–డల్లాస్ నాకు బాగా తెలిసిన దారి కాబట్టి ఉదాహరణ అంతా దాని మీదే. మీది విశాఖ–సియాటిల్ అయినా, తిరుపతి–మెల్‌బోర్న్ అయినా పద్ధతి ఇదే, అంకెలు మార్చుకోండి.

ముందు ఒక్క విషయం. నెట్‌లో వెతికితే "హైదరాబాద్ నుంచి డల్లాస్ 14,400 కిలోమీటర్లు, 16 గంటలు" లాంటి జవాబు ఒక్క లైనులో వచ్చేస్తుంది. అది తప్పు కాదు, కానీ ఆ దూరం మీ విమానం తిరిగే దూరం కాదు, ఆ 16 గంటలు మీరు పడే ప్రయాణమూ కాదు. భూమి మీద దూరం ఒకటి, విమానం తిరిగే దూరం ఇంకొకటి, గాల్లో ఉండే సమయం వేరు, గడప నుంచి గడప దాకా పట్టే సమయం వేరు. ఇక గడియారం చూపించేది వీటన్నిటికంటే పెద్ద గందరగోళం.

1. ఏ విమానాశ్రయం నుంచి ఏ విమానాశ్రయానికి?

ఊరి పేరు కాదు, మూడక్షరాల కోడ్ చూడండి. శంషాబాద్‌కి హెచ్-వై-డి. 2008 మార్చిలో శంషాబాద్ మొదలయ్యేదాకా ఈ కోడ్ బేగంపేటది. డల్లాస్‌లో రెండు పెద్ద విమానాశ్రయాలు ఉన్నాయి. మన అంతర్జాతీయ విమానాలు దిగేది డల్లాస్ ఫోర్ట్‌వర్త్, దాని కోడ్ డి-ఎఫ్-డబ్ల్యూ. ఊరి మధ్యలో ఉన్న లవ్ ఫీల్డ్ కోడ్ డి-ఏ-ఎల్. హ్యూస్టన్‌కీ రెండు, న్యూయార్క్ చుట్టుపక్కల మూడు, వాషింగ్టన్ దగ్గర మూడు ఉన్నాయి. మీ అబ్బాయి ఒక విమానాశ్రయంలో కారు పార్క్ చేసి, మీరు ఇంకో దాంట్లో దిగితే ఏ లెక్కా ఆదుకోదు.

ఇంకా ఘోరమైనది శాన్ హోసే. కాలిఫోర్నియాలోది ఎస్-జె-సి, మధ్య అమెరికాలోని కోస్టారికాలో ఉన్నది ఎస్-జె-ఓ. ఒక్క అక్షరం తేడా, వేల కిలోమీటర్ల దూరం.

2. దూరం: స్కేలు పక్కన పెట్టి దారం తీసుకోండి

గోడ మీద ప్రపంచ పటం చూసి హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి గీత గీయమంటే అందరూ ఎడమవైపుకి గీస్తారు. అరేబియా, ఆఫ్రికా పైభాగం, అట్లాంటిక్, అమెరికా. పటం మీద స్కేలు పెట్టి తిన్నగా గీసిన ఆ గీత వెంటే నిజంగా వెళ్తే 17,600 కిలోమీటర్లు దాటుతుంది.

ఇప్పుడు పిల్లల గ్లోబు ఒకటి తీసుకోండి. దారం ఒక కొస హైదరాబాద్ మీద, రెండో కొస డల్లాస్ మీద పెట్టి బిగించి లాగండి. దారం ఎడమవైపుకి పోదు, జారుకుంటూ పైకి, ఉత్తర ధ్రువం దాకా వెళ్ళిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను గ్లోబే తప్పుగా ఉందనుకున్నాను. అతి దగ్గర దారి అదే. శంషాబాద్‌లో లేచి దాదాపు నిటారుగా ఉత్తరానికి: ఢిల్లీ మీదుగా, కారకోరం కొండల్లో కె2 శిఖరం పక్కనుంచి, కజకిస్తాన్ దాటి, సైబీరియాలో ఓమ్స్క్ నగరం మీదుగా ఆర్కిటిక్ సముద్రం. ఉత్తర ధ్రువానికి సుమారు 500 కిలోమీటర్ల దూరంలోంచి అటువైపు దిగి, కెనడాలో హడ్సన్ బే అనే అఖాతం పడమటి భాగం మీదుగా వచ్చి, అమెరికాలో ఒమాహా మీదుగా డల్లాస్. దీన్నే గ్రేట్ సర్కిల్ దారి అంటారు.

ఇలా ఎందుకంటే, హైదరాబాద్ 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డల్లాస్ విమానాశ్రయం 97.04 డిగ్రీల పడమర రేఖాంశం మీద ఉంది. ఒకటి తూర్పు, ఒకటి పడమర కాబట్టి కలిపితే 175.47. సగం భూమి అంటే 180. అంటే రెండూ దాదాపు భూమికి చెరో పక్కన ఉన్నాయి, మధ్యలో ధ్రువం అడ్డదారిలా ఉంది.

దీనివల్ల మన దారికి ఒక సులువు కూడా దొరికింది. చిత్తు కాగితం మీద చేసేయొచ్చు. హైదరాబాద్ అక్షాంశం 17.24, కాబట్టి అక్కణ్నుంచి ధ్రువానికి 90లోంచి 17.24 తీసేస్తే 72.76 డిగ్రీలు. డల్లాస్ అక్షాంశం 32.90, ధ్రువం నుంచి అక్కడికి 57.10 డిగ్రీలు. మొత్తం 129.86. భూమి మీద ఒక డిగ్రీ సుమారు 111.2 కిలోమీటర్లు. గుణిస్తే 14,440 కిలోమీటర్లు.

కచ్చితంగా కావాలంటే, ఏ రెండు ఊళ్ళకైనా పనికొచ్చే లెక్క ఇది, పదో తరగతి త్రికోణమితి చాలు. రెండు అక్షాంశాల సైన్‌లు గుణించండి: 0.2964 ఇంటూ 0.5432, అంటే 0.1610. రెండు అక్షాంశాల కాస్‌లు, రేఖాంశాల తేడా (మనకి పైన వచ్చిన 175.47) కాస్, ఈ మూడూ గుణించండి: 0.9551 ఇంటూ 0.8396 ఇంటూ మైనస్ 0.9969, అంటే మైనస్ 0.7994. రెండూ కలిపితే మైనస్ 0.6384. ఇది ఏ కోణానికి కాస్ అవుతుందో క్యాలిక్యులేటర్‌ని అడగండి, 129.67 డిగ్రీలు అంటుంది. ఇంటూ 111.2, సుమారు 14,420 కిలోమీటర్లు. చిత్తు కాగితం లెక్కకీ దీనికీ తేడా 20 కిలోమీటర్లే, శంషాబాద్ నుంచి మెహదీపట్నం వచ్చినంత.

క్యాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉందో రేడియన్లలో ఉందో చూసుకోండి, సగం తప్పులు అక్కడే. భూమి మీద ఏ రెండు చోట్ల మధ్యా దూరం 20,000 కిలోమీటర్లు మించదు (మహా అయితే మరో పదిహేను). మీ జవాబు 23,000 వచ్చిందంటే లెక్క తప్పిందనే, ఇంకోసారి వేయండి.

ఇంత ఓపిక లేకపోతే గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైట్‌లో రెండు కోడ్‌లు మధ్యలో గీత పెట్టి కొట్టండి, దూరంతో పాటు దారి కూడా గీసి చూపిస్తుంది. సైటుకీ సైటుకీ పది, ఇరవై కిలోమీటర్ల తేడా వస్తే కంగారు పడకండి. భూమిని గుండ్రటి బంతిగా తీసుకున్నారా, ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయిన ఆకారంగా తీసుకున్నారా అన్నదాన్ని బట్టి ఆ తేడా. కిలోమీటర్లా మైళ్ళా అన్నది మాత్రం తప్పకుండా చూడండి. మామూలు మైలు 1.609 కిలోమీటర్లు, పైలట్లు వాడే నాటికల్ మైలు 1.852. మన 14,420 కిలోమీటర్లు ఒక లెక్కలో 8,960, ఇంకో లెక్కలో 7,786. రెండూ ఒప్పే.

3. మరి విమానం ఆ దారిన ఎందుకు పోదు?

ఒకటి, మనకి హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి నేరుగా విమానం లేదు. ఇంత దూరం ఎగరలేక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,349 కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండా ఎయిర్‌బస్ ఏ350 రకం విమానం ఒకటి దాదాపు 19 గంటలు ఎగురుతోంది.

రెండు, కొండలు. కారకోరం, టిబెట్ మీద విమానాలు వీలైనంత వరకు తిరగవు. లోపల గాలి ఒత్తిడి పోతే విమానం గబగబా మూడు కిలోమీటర్ల ఎత్తుకి దిగాలి, ప్రయాణికుల మాస్కుల్లో ఆక్సిజన్ కొద్ది నిమిషాలకే సరిపోతుంది. కింద ఎనిమిది కిలోమీటర్ల కొండ ఉంటే ఎక్కడికి దిగుతారు?

మూడు, ధ్రువం దగ్గర చలి. జెట్ ఏ-1 ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది, పైన గాలి ఒక్కోసారి అంతకంటే చల్లగా ఉంటుంది. అయినా ఆ దారి అసాధ్యమేమీ కాదు. 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో అందరూ మహిళా పైలట్లే ఉన్న ఎయిర్ ఇండియా బృందం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఉత్తర ధ్రువం మీదుగానే వచ్చింది. ఆ రెండు ఊళ్ళ మధ్య దూరం 14,000 కిలోమీటర్లకి కాస్త తక్కువ, కానీ విమానం తిరిగింది సుమారు 16,000 అని అప్పట్లో చెప్పారు. గాలి వాటం చూసి, దిగడానికి వీలున్న చోట్లు చూసి దారి వేస్తారు కాబట్టి, పటం మీద దూరం కంటే నిజం దూరం ఎప్పుడూ ఎక్కువే.

నాలుగు, రాజకీయం. 2022 ఫిబ్రవరి చివరి నుంచి రష్యా మీదుగా అమెరికా సంస్థల విమానాలు, చాలా యూరప్ సంస్థల విమానాలు వెళ్ళడం లేదు. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ తన గగనతలాన్ని మన దేశపు విమానాలకి మూసేసింది, దాంతో ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే కొన్ని విమానాలు దారి చుట్టూ తిరిగి, మధ్యలో ఇంధనం కోసం యూరప్‌లో ఆగాల్సి వచ్చింది. అదే ఏడు జూన్ 23న ఖతార్ గగనతలం కొన్ని గంటలు మూతపడితే దోహా మీదుగా వెళ్ళేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఇరుక్కుపోయారు. అందుకే ఎప్పుడో రెండేళ్ళ కిందట చుట్టాలు చెప్పిన గంటలు పట్టుకుని ప్లాన్ వేయకండి. మీ విమానం నంబరు ఫ్లైట్‌రాడార్24 అనే విమానాల ట్రాకర్ సైట్‌లో కొట్టి, గత వారం రోజులు అది ఏ దారిన వెళ్ళింది, ఎంతసేపట్లో చేరింది అన్నది చూడండి. టికెట్ మీద అంకె కంటే అది నిజం చెబుతుంది.

4. మధ్యలో ఎక్కడ ఆగుతారు? దూరం కలపండి

మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళేది దుబాయ్, దోహా, లండన్ మీదుగా. ఒక్కో ముక్క దూరం విడిగా లెక్కేసి కలపాలి.

దుబాయ్ మీదుగా: 2,550 + 12,920 = 15,470 కి.మీ.
దోహా మీదుగా: 2,910 + 12,740 = 15,650 కి.మీ.
లండన్ హీత్రో మీదుగా: 7,750 + 7,630 = 15,380 కి.మీ.

మళ్ళీ చూడండి, లండన్ దారి తక్కువ! దుబాయ్ పక్కనే ఉన్నట్టు, లండన్ ఎక్కడో చుట్టూ తిరిగి వెళ్తున్నట్టు పటంలో కనిపిస్తుంది కానీ, గ్లోబు మీద దారం పెడితే లండనే దారికి దగ్గర. తేడా 90 కిలోమీటర్లే కాబట్టి దాని కోసం టికెట్ మార్చుకోనక్కర్లేదు. అసలు తేడా ముక్కల్లో ఉంది. దుబాయ్ అయితే నాలుగు గంటలు, తర్వాత ఏకబిగిన పదహారు. లండన్ అయితే పది, మళ్ళీ పది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి నేను పది-పదే చెబుతాను. పదహారు గంటల విమానంలో పన్నెండో గంట దగ్గర మా పెద్దమ్మ ఎయిర్‌హోస్టెస్‌ని "ఇంకెంతసేపమ్మా" అని తెలుగులోనే అడిగేసిందట. అయితే యూరప్ దారిలో ట్రాన్సిట్ వీసా నిబంధనలు ఉంటాయి, చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే చాలాచోట్ల మినహాయింపు దొరుకుతుంది, టికెట్ కొనకముందే మీ పాస్‌పోర్టుకి ఏది వర్తిస్తుందో చూసుకోండి.

"డైరెక్ట్" అన్న మాటకీ "నాన్‌స్టాప్" అన్న మాటకీ కూడా తేడా ఉంది. నాన్‌స్టాప్ అంటే ఎక్కడా దిగదు. డైరెక్ట్ అంటే నంబరు మారదు అంతే, మధ్యలో ఒకచోట దిగి లేవొచ్చు.

5. కిలోమీటర్లని గంటలు చేయడం

పెద్ద జెట్ విమానం పైకెక్కాక గంటకి 900 కిలోమీటర్ల దరిదాపుల్లో పోతుంది. కానీ ఎక్కడం, దిగడం, రన్‌వే దాకా నడవడం, చుట్టూ తిరగడం ఉంటాయి కదా. అందుకని నేను వాడేది ఈ మోటు సూత్రం: కిలోమీటర్లని 850తో భాగించి, దానికి 40 నిమిషాలు కలపండి.

చిన్న దూరం మీద సరిచూద్దాం. హైదరాబాద్–విజయవాడ గాల్లో సుమారు 260 కిలోమీటర్లు. 850తో భాగిస్తే 18 నిమిషాలు, 40 కలిపితే 58 నిమిషాలు. టికెట్ మీద గంట అని ఉంటుంది. సరిపోయింది. నిజంగా గాల్లో తేలేది అందులో సగమే, సమోసా తినేలోపు సీటు బెల్టు లైటు వెలుగుతుంది.

దుబాయ్–డల్లాస్ 12,920 కిలోమీటర్లు. భాగిస్తే 15 గంటల 12 నిమిషాలు, 40 కలిపితే 15 గంటల 52 నిమిషాలు. టికెట్ మీద పదహారూ పావు దరిదాపుల్లో ఉంటుంది. ఆ మిగతా తేడా గాలిది. విమానాలు ఎగిరే ఎత్తుల్లో, తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల పైన, పడమర నుంచి తూర్పుకి గట్టిగా వీచే జెట్ స్ట్రీమ్ ఉంటుంది, చలికాలంలో ఇంకా ఉధృతంగా. అమెరికా వెళ్ళేటప్పుడు చాలావరకు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి. అందుకే అదే డల్లాస్–దుబాయ్ తిరుగు ప్రయాణం పదిహేను గంటల్లోపే అయిపోతుంది. సూత్రం ప్రకారం వచ్చిన సమయానికి పడమర వైపు వెళ్ళేటప్పుడు నూటికి అయిదు కలపండి, తూర్పు వైపు వచ్చేటప్పుడు నూటికి అయిదు తీసేయండి, ముప్పావు గంట అటూ ఇటూగా దొరికిపోతుంది.

టికెట్ మీద సమయం గేటు వదిలిన క్షణం నుంచి గేటు చేరే క్షణం దాకా. అందులో కాస్త జాగ్రత్త కోసం ముందే కలిపిన నిమిషాలు కూడా ఉంటాయి. అందుకే ఇరవై నిమిషాలు ఆలస్యంగా లేచిన విమానం కూడా ఒక్కోసారి టైముకి దిగుతుంది.

6. గడియారం లెక్క

అందరూ బోల్తా పడేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చూద్దాం.

టికెట్ మీద ప్రతి సమయం ఆ ఊరి సమయం. హైదరాబాద్ దగ్గర రాసింది మన సమయం, దుబాయ్ దగ్గర రాసింది దుబాయ్ సమయం, డల్లాస్ దగ్గర రాసింది డల్లాస్ సమయం. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, ఏడాదంతా. డల్లాస్ వేసవిలో పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. అమెరికావాళ్ళు మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకి తిప్పుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. మనం తిప్పం, దుబాయ్‌వాళ్ళూ తిప్పరు.

ఒక ఉదాహరణ టికెట్ తీసుకుందాం, జులై నెల. హైదరాబాద్‌లో 15వ తేదీ తెల్లవారుజామున 4:30కి బయల్దేరి, దుబాయ్‌లో ఉదయం 7:00కి దిగింది. చూడ్డానికి రెండున్నర గంటలే, గంటన్నర వెనక కలిపితే నాలుగు గంటలు. దుబాయ్‌లో 9:40కి మళ్ళీ లేచింది. డల్లాస్‌లో అదే 15వ తేదీ సాయంత్రం 4:50కి దిగింది.

మొత్తం ఎంత? ముక్కలు కలపండి: 4 గంటలు, ఆగింది 2 గంటల 40 నిమిషాలు, తర్వాత 16 గంటల 10 నిమిషాలు. మొత్తం 22 గంటల 50 నిమిషాలు. ఇప్పుడు సరిచూసుకునే అడ్డదారి: మొదటి గడియారం, చివరి గడియారం మాత్రం చూడండి. తెల్లవారుజామున 4:30 నుంచి సాయంత్రం 4:50, అంటే 12 గంటల 20 నిమిషాలు. వెళ్ళేటప్పుడు సమయం తేడా కలపాలి: పదిన్నర కలిపితే 22:50. రెండూ కలిశాయి, లెక్క ఒప్పు.

వచ్చేటప్పుడు తేడా తీసేయాలి. సోమవారం మధ్యాహ్నం 12:00కి డల్లాస్‌లో లేచి, మంగళవారం రాత్రి 8:30కి హైదరాబాద్‌లో దిగితే, గడియారంలో 32 గంటల 30 నిమిషాలు కనిపిస్తుంది. "అయ్యో రెండు రోజులా" అని కంగారు పడతారు. పదిన్నర తీసేయండి, 22 గంటలు. పడమరకి వెళ్తే కలుపు, తూర్పుకి వస్తే తీసేయి. మా ఇంట్లో దీన్ని ఫ్రిజ్ మీద అంటించుకున్నాం.

ఇదే టికెట్ డిసెంబరులో అయితే? దుబాయ్‌లో లేచే సమయం మారకపోతే డల్లాస్‌లో 3:50కే దిగుతుంది. విమానం వేగం పెరగలేదు, వాళ్ళ గడియారం వెనక్కి తిరిగింది. అక్టోబరులో టికెట్ కొని నవంబరు మధ్యలో వెళ్ళేవాళ్ళు, పికప్‌కి వచ్చేవాళ్ళకి ఈ గంట సంగతి చెప్పండి.

ఇక పెద్దమ్మ కథ. మన పంచాంగం లెక్కలో వారం సూర్యోదయంతో మొదలై మళ్ళీ సూర్యోదయం దాకా నడుస్తుంది. కాబట్టి పెద్దవాళ్ళకి పద్నాలుగో తారీఖు రాత్రి ఒంటిగంట అంటే ఇంకా పద్నాలుగే. టికెట్ లెక్కలో పన్నెండు దాటగానే పదిహేను. వాళ్ళ తప్పేం లేదు, లెక్కే వేరు. మన దగ్గర్నుంచి గల్ఫ్ వెళ్ళే విమానాలు చాలావరకు అర్ధరాత్రికీ తెల్లవారుజాముకీ మధ్య ఉంటాయి కాబట్టి ఈ పొరపాటుకి అవకాశం చాలా ఎక్కువ. టికెట్ మీద సమయం రాత్రి 12కీ ఉదయం 6కీ మధ్య ఉంటే, ఆ తేదీ పక్కన పెన్నుతో ముందు రోజు పేరు రాయండి: "15, అంటే 14 మంగళవారం రాత్రి" అని. క్యాలెండర్‌లో కూడా 14నే గుండ్రం చుట్టండి.

7. మధ్యలో ఆగే సమయం

ఒకే టికెట్ మీద రెండు విమానాలుంటే సామాను వాళ్ళే మార్చేస్తారు, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే వేరేదాంట్లో పంపే బాధ్యత కూడా వాళ్ళదే. దుబాయ్, దోహా లాంటి చోట్ల నాకు రెండున్నర నుంచి నాలుగు గంటలు బాగుంటుంది. గంటన్నర కంటే తక్కువైతే టెన్షన్, పెద్దవాళ్ళకి అసలు వద్దు. వీల్‌చైర్ కావాలంటే టికెట్ అప్పుడే రాయించండి.

చవక అని రెండు వేర్వేరు టికెట్లు కొంటే కథ మారిపోతుంది. సామాను మీరే తీసుకుని మళ్ళీ ఇవ్వాలి, దానికి బయటికి వెళ్ళాలి, ఆ దేశం వీసా కావాలి, మొదటి విమానం ఆలస్యమైతే రెండో టికెట్ డబ్బులు గంగలో కలిసినట్టే. నేను పెద్దవాళ్ళకి ఎప్పుడూ కొనను.

డల్లాస్ కాకుండా అమెరికాలోనే ఇంకో ఊళ్ళో ముందు దిగి, అక్కణ్నుంచి డల్లాస్ వెళ్ళే టికెట్లు కూడా ఉంటాయి. అప్పుడు మొదట దిగిన ఊళ్ళోనే ఇమిగ్రేషన్, సామాను తీసుకోవడం, కస్టమ్స్, మళ్ళీ సామాను బెల్టు మీద వేయడం అన్నీ అవ్వాలి. దానికి మూడు గంటలైనా ఉంచండి. పచ్చళ్ళూ పొడులూ తీసుకెళ్తుంటే దాచకుండా చెప్పి తీరాలి, మామూలుగా అడిగి చూసి పంపేస్తారు, దాచితేనే ఇబ్బంది.

8. గడప నుంచి గడప దాకా

ఇప్పుడు పైన చెప్పిన ఉదాహరణ టికెట్‌నే గుంటూరు నుంచి వేద్దాం, వెనక నుంచి ముందుకి.

విమానం 15న తెల్లవారుజామున 4:30. విమానాశ్రయంలో మూడున్నర గంటల ముందు ఉండాలి, అంటే రాత్రి 1:00. చెక్-ఇన్ కౌంటరు మామూలుగా గంట ముందే మూసేస్తారు, ఆ తర్వాత ఎంత బతిమాలినా తెరవరు. గుంటూరు నుంచి శంషాబాద్‌కి, దారిలో టీకి ఆగడంతో కలిపి ఆరు గంటలు వేసుకుంటాను, కాస్త ఎక్కువే, కానీ టైరు పంచరైతే అదే కాపాడుతుంది. అంటే 14న సాయంత్రం 7:00కి ఇంట్లోంచి బయల్దేరాలి. టికెట్ మీద 15, కారు ఎక్కేది 14 సాయంత్రం.

దిగాక డల్లాస్‌లో ఇమిగ్రేషన్, సామాను, గంటన్నర. అక్కణ్నుంచి డల్లాస్ శివారు ఫ్రిస్కోలో ఇంటికి ముప్పావు గంట. అన్నీ కలపండి: 6:00 + 3:30 + 22:50 + 1:30 + 0:45. ముప్ఫై నాలుగు గంటల 35 నిమిషాలు. నెట్‌లో చూసిన పదహారు గంటలకి రెట్టింపు దాటింది. బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు ఈ ముప్ఫై నాలుగు గంటలకి సరిపడా చేతి సంచిలో ఉండాలి, పెద్ద సూట్‌కేసులో కాదు. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు ఏ గంటకి ఏ డోసు అన్నది ఇదే కాగితం చూపించి డాక్టర్ని అడగండి, సమయం తేడా వల్ల అది మీరే ఊహించి మార్చుకునే విషయం కాదు.

హైదరాబాద్‌లోనే ఉండేవాళ్ళకి ఇందులో నాలుగు గంటల పైన తగ్గుతుంది. మెహదీపట్నం వైపు నుంచైతే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే ఆరాంఘర్ దాకా సుమారు పదకొండున్నర కిలోమీటర్లు సిగ్నళ్ళు ఉండవు. వాన పడితే మాత్రం ఆ వంతెన ఎక్కేలోపే గంట పోవచ్చు.

9. కాగితం మీద రాసి ఇవ్వండి

ఫోన్ దిగగానే సమయం దానంతటదే మార్చేసుకుంటుంది, దాంతో పెద్దవాళ్ళకి ఇంకా అయోమయం. నేను చేసేదేంటంటే, ఒక తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో మూడు నిలువు గళ్ళు గీస్తాను: ఏం జరుగుతుంది, అక్కడి టైము, మన టైము. ఇంట్లోంచి బయల్దేరడం దగ్గర్నుంచి ఇంటికి చేరడం దాకా ఒక్కో లైను. చేతికి ఉన్న వాచీ మాత్రం మన టైములోనే ఉంచమంటాను. మందులు, తిండి, "ఇంకెంతసేపు" అన్నీ ఆ వాచీ చూసి మూడో గడిలో వెతుక్కోవచ్చు.

పికప్‌కి వచ్చేవాళ్ళకి ఆ కాగితం ఫోటోతో పాటు రెండో విమానం నంబరు పంపండి. మొదటి విమానం నంబరు వాళ్ళకి పనికిరాదు, చాలామంది అదే పంపుతారు. దుబాయ్‌లో విమానం లేచిన గంట తర్వాత ట్రాకర్‌లో చూస్తే చేరే సమయం పది, పదిహేను నిమిషాల తేడాతో తెలిసిపోతుంది, అప్పుడు ఆఫీసు నుంచి ఎప్పుడు కదలాలో లెక్క వేసుకోవచ్చు.

డల్లాస్‌లో సాయంత్రం 4:50కి దిగి "చేరాం" అని ఫోన్ చేసేసరికి గుంటూరులో తెల్లవారుజామున 3:20 అవుతుంది. ఫోన్ చేయాలా, వాట్సాప్‌లో మెసేజ్ పెడితే చాలా అన్నది బయల్దేరేముందే ఇంట్లోవాళ్ళని అడిగి ఆ కాగితం చివరి లైనులో రాసేయండి. మా పెదనాన్న ఫోనే చేయమన్నాడు, మొదటి రింగుకే ఎత్తాడు.